డొల్ల కన్ను

అచ్చు కొట్టేసిన మర్నాడు బావమరిది హాయిగా నిద్ర లేచాడు. నాలుగు గోడలకీ కెమెరాలున్న గదిలో దొంగతనం చేసినా గుండె ఝల్లుమనలేదు. ఎందుకు ఝల్లుమంటుంది? అవన్నీ డమ్మీలు. పైకి మిణుకుమనే ఎర్రలైటు, లోపల వట్టి ప్లాస్టిక్ డొల్ల. బావగారి కంపెనీ చేసేది అవొక్కటే. బిగించేది తనే.

"అసలు కెమెరాలు కూడా చేద్దాం బావా" అని ఎంత మొత్తుకున్నా, "మనకి ఒక్కటే సరుకు. ముందు అది సరిగ్గా చేసి ఏడువ్" అనేవాడు బావ. ఒళ్లు మండింది. పోటీ కంపెనీవాడు మేనేజరు కుర్చీ చూపించాడు. కొత్త మోడల్ డొల్లలు పోసే అచ్చు పట్టుకొస్తే చాలన్నాడు. ఆ అచ్చు ఇప్పుడు స్కూటర్ డిక్కీలో ఉంది.

ఫ్యాక్టరీలో బావ మొహం వేలాడేసుకున్నాడు.

"అచ్చు పోయిందిరా. ఇంకో సరుకుందా మనకి, బతకడానికి? మీ అక్కకి ఏం చెప్పను?"

"అయ్యో! ఎవడి పనంటావు బావా?"

బావ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నీకొక్కడికే చెబుతున్నా. అచ్చుల గది తలుపు మీది కెమెరా అసలుదే. మొన్ననే మార్పించా. అందులో కార్డుంది. సాయంత్రం మనిషొచ్చి తీసి చూపిస్తాడు."

బావమరిదికి నవ్వొచ్చింది. చెప్పు తెగితే కుట్టించుకునే బావ, అసలు కెమెరా కొనడమా!

కానీ తన బల్ల ముందు కూర్చోగానే మెడ వెనక ఎవరో ఊదుతున్నట్టయింది. వెనక్కి తిరిగి, అచ్చుల గది తలుపు మీది కెమెరా కేసి తలెత్తి చూశాడు. తను అతికించిన అద్దమే. తను బిగించిన లైటే. అయినా చూస్తోంది. కుర్చీ జరిపాడు. అక్కడికీ చూస్తోంది. ఆ ఎరుపు మిగతావాటికంటే కాస్త ముదురుగా లేదూ?

భోజనాలకి అందరూ వెళ్లాక నిచ్చెన తెచ్చి వేశాడు. ఎక్కి, మూత విప్పాడు.

ఏమీ లేదు. శుద్ధ డొల్ల. తన అనుమానానికి తనే పడీపడీ నవ్వుకున్నాడు.

"ఖాళీయేనా?"

కింద బావ నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

"అబ్బే... దుమ్ము పట్టిందని, తుడుద్దామని..."

"మెల్లిగా దిగు. కాలు విరిగితే మీ అక్క నన్ను తిడుతుంది" అన్నాడు బావ. "పొద్దున్నుంచీ ఇక్కడ పనిచేసే ప్రతివాణ్ణీ పక్కకి లాక్కెళ్లి, 'నీకొక్కడికే' అంటూ ఇదే ముక్క చెప్పాను. నిచ్చెనెక్కింది మాత్రం నువ్వొక్కడివే!"