ఏమీ మొలవని చోట నీళ్ళు

పిడుగు పడిన మర్నాడు లివియు తలుపు ఎవరూ కొట్టలేదు.

పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. స్క్రూడ్రైవర్లు తుడిచి బల్ల మీద పరిచాడు. రెండుసార్లు కాఫీ కాచుకున్నాడు. గడప దగ్గర అలికిడి లేదు.

గలాట్స్ ఊళ్ళో ఆ పదంతస్తుల బ్లాకుకి లివియు డాక్టరు లాంటివాడు. ఇంటింటికీ కంపెనీ ఇంటర్నెట్టు రాని రోజులవి. డాబా మీద పెట్టె బిగించి, తీగలు లాగి, నలభై ఇళ్ళకి నెట్టు ఇచ్చింది అతనే.

వేసవిలో ఉరిమిందంటే ఆ తీగల్లోంచి దెబ్బ దిగి కంప్యూటర్లలో నెట్ పోర్టులు కాలిపోయేవి. పోర్టు ఒక్కటే పోతే విడిగా ఒక కార్డు గుచ్చేవాడు. దెబ్బ గట్టిదైతే మదర్‌బోర్డే మార్చేవాడు. జనం కంప్యూటరు డబ్బాల్ని చంటిపిల్లల్లా చంకనేసుకుని వరసలో నిలబడేవాళ్ళు.

"నువ్వు లేకపోతే ఏమైపోదుమయ్యా!" అనేవాళ్ళు.

ఆ మాటంటే లివియుకి ప్రాణం. అది విని రెండేళ్ళయింది.

కింది వాటాలోకి స్పిరిదోన్ అనే ముసలాయన అద్దెకి దిగీ రెండేళ్ళే.

మెట్ల మీద వెతా పిన్ని ఎదురైంది. రెండో అంతస్తావిడ.

"పిన్నీ, రాత్రి అంత పిడుగు పడిందే, నీ కంప్యూటరు బాగానే ఉందా?"

"నిక్షేపంలా ఉంది నాయనా! ఏం, పాడవలేదని బాధా?"

ఆవిడ చేతిలో వేడి వేడి చీజు రొట్టెల పళ్ళెం. ఒకప్పుడు ఆ పళ్ళెం లివియు ఇంటికే వచ్చేది.

"ఎవరికి పిన్నీ అవి?"

"స్పిరిదోన్ అన్నయ్యకి. ఒంటి మనిషి, పాపం."

లివియుకి అంతా అర్థమైపోయినట్టనిపించింది. ఇంకేం, ఆ ముసలోడే దొంగచాటుగా అందరి బోర్డులూ బాగుచేస్తున్నాడు! నా నోట్లో మట్టి కొడుతున్నాడు!

ఆ రోజు నుంచీ కాపు కాశాడు. ఒకనాడు ముసలాయన జేబులో పట్టకారుతో డాబా మీంచి దిగుతూ కనిపించాడు. లివియు పరుగున పైకెళ్ళాడు. తన పెట్టె నుంచి ఒక లావుపాటి తీగ గోడ వెంట కిందికి దిగి, స్పిరిదోన్ బాల్కనీ పక్క ద్రాక్ష పాదులో మాయమైంది.

దొంగ లైను!

సాయంత్రం బ్లాకు ముందు బెంచీ మీద ఆడవాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు. స్పిరిదోన్ ఎప్పట్లాగే గోడవార ఉత్త నేల మీద బకెట్టెడు నీళ్ళు పోస్తున్నాడు.

"ఏం నాటావు అన్నయ్యా? రెండేళ్ళైనా మొలవదేం?" అని ఒకావిడ వేళాకోళమాడింది.

"మొలవదమ్మా. ఎండిపోకుండా ఉంటే చాలు."

లివియు సరాసరి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"నా పెట్టె నుంచి దొంగ లైను లాక్కున్నావు కదూ పెద్దాయనా? అది చాలక నా బేరాలు కూడానా?"

ముసలాయన బకెట్టు కింద పెట్టాడు.

"దొంగ లైనా? రా బాబూ, లోపలికొచ్చి చూసుకో."

"దొంగ కొంపలో నేను కాలు పెట్టను!"

"సరే, పెట్టకు. ఆ తీగ మాత్రం ముట్టుకోకు. నీ మంచికే చెప్తున్నా."

"విన్నారా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడు!"

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మెట్ల దగ్గర నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది: 'కింది వాటాలో నెట్టు దొంగ ఉన్నాడు, జాగ్రత్త.' రొట్టెల పళ్ళెం ఆగిపోయింది. పలకరింపులూ ఆగిపోయాయి. నెల తిరక్కుండానే స్పిరిదోన్ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

ఆ పూటే లివియు డాబా ఎక్కి లావు తీగని తెగ్గోశాడు. పీడా వదిలింది.

పదిహేను రోజులకి మళ్ళీ పిడుగు పడింది.

తెల్లారేసరికి తలుపు దబదబా మోగింది. చంకల్లో డబ్బాలతో వరస వీధి దాకా ఉంది.

"నువ్వు లేకపోతే ఏమైపోదుమయ్యా!"

లివియు మొహం వెలిగిపోయింది. వెతా పిన్ని ఒక చంకలో డబ్బా, ఇంకో చేత్తో రొట్టెల పళ్ళెం పట్టుకుని వచ్చింది.

మొదటి డబ్బా విప్పాడు. పోర్టు మాడిపోయింది. రెండోది, బోర్డే పోయింది. మూడోదీ అంతే. పదో డబ్బాకి అరలో కార్డులు నిండుకున్నాయి. తన సొంత కంప్యూటరు నొక్కి చూశాడు. చలనం లేదు.

"ఇన్ని ఎప్పుడూ పోలేదే! అసలు ఈ రెండేళ్ళుగా ఒక్కటీ..."

చేతులు ఆగిపోయాయి. ఎవరు పిలుస్తున్నా పలక్కుండా కిందికి దిగాడు. వెతా పిన్ని కంగారుగా వెంట వచ్చింది.

ద్రాక్ష పాదు పక్కకి తొలగించాడు. తీగ బాల్కనీలోకి వెళ్ళనే లేదు. కిటికీ దాటి, గోడ దిగి, ఏమీ మొలవని ఆ నేలలోకి పోయింది. పదిహేను రోజులుగా నీళ్ళు లేక ఆ చోటు నెర్రెలిచ్చింది. వేళ్ళతో మట్టి తవ్వాడు. లోతుగా దిగేసిన ఇనప కడ్డీ, దానికి బోల్టేసి బిగించిన తీగ.

ఎర్తు. పెట్టె మీద పడే దెబ్బనంతా ఆ తీగే తడి మట్టిలోకి దింపేసేది. బకెట్టు నీళ్ళు అందుకే.

లివియు మట్టి చేతులతోనే తల పైకెత్తాడు.

"పిన్నీ... ఆయన కంప్యూటరుకి ఏమీ కాకూడదనేనా ఇదంతా?"

వెతా పిన్ని తల అడ్డంగా ఊపింది.

"వెళ్ళేరోజు ఆయన సామాను నా కళ్ళ ముందే బండెక్కింది నాయనా. రెండు చొక్కాలు, ఒక రేడియో, ఆ బకెట్టు. ఆయనకి అసలు కంప్యూటరే లేదు."