లాగి చూడని గూడు

వాగొడ్డున ఉండే పిచ్చుకకు గిజిగాడు అల్లే గూటిమీదే మనసు. అడిగితే, "ముందడిగినవాళ్ళకి అల్లాక నీకల్లుతాను, ఆగమ్మా" అన్నాడతను. ఆగలేకపోయింది.

ఇంతలో ఎక్కడిదో కాకి ఒక గూడు పట్టుకొచ్చి, "గిజిగాడు అల్లిందే, అతనడిగే గింజల్లో సగానికే ఇస్తా" అంది. పిచ్చుక మురిసిపోయి కొనుక్కుంది. నీళ్ళమీదికి వంగిన కొమ్మకు కట్టుకుని, గుడ్లు పెట్టింది.

తొలి గాలివానకే గూడు విడిపోయి, గుడ్లు వాగులో కలిశాయి. కాకి మళ్ళీ కనబడలేదు.

మిగిలిన పోచలు చూసి గిజిగాడు నిట్టూర్చాడు. "ఇది నా ముడి కాదు తల్లీ. మా ఆడవాళ్ళయితే గట్టిగా లాగి చూశాకే గూట్లో అడుగుపెడతారు. నువ్వు లాగి చూడలేదా?"

పిచ్చుక తల వంచుకుంది.

"లాగబోయాను బాబాయ్. ఊడొస్తుందేమోనని భయమేసి మానేశాను."