ముంజేతి మీది పేరు

కరెంటు పోయిన చీకట్లో మగ్గం చప్పుడు వినబడి గురప్పకు మెలకువ వచ్చింది. చూపు మందగించి భార్య చౌడమ్మ మగ్గం దిగి పదేళ్లయింది. ముసలితనం మీద పరిశోధన చేసే జర్మనీ డాక్టర్లు ఎర్రగుంట్లలో సూదులు వేస్తున్నారంటే, ఆమెకు మళ్లీ చూపొస్తుందన్న ఆశతో ఆమె చేత కాగితాల మీద వేలిముద్ర వేయించి, సూది వేయించింది గురప్పే.

సెల్లు లైటు వేసుకుని మగ్గం దగ్గరికి వెళ్లాడు. మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న ఆమె చేతుల మీద ఒక్క ముడత లేదు. నలభై ఏళ్ల కిందట జ్వరమొచ్చి పోయిన కూతురి పేరును చౌడమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుంది. నిన్నటిదాకా మసగ్గానైనా కనిపించిన ఆ అక్షరాలు ఇప్పుడు లేవు.

"చౌడీ, రాజేశ్వరి పేరు యాడబోయింది?" అన్నాడు.

మగ్గం ఆగింది.

"రాజేశ్వరి ఎవురు?"

"మన బిడ్డ."

ఆమె నవ్వింది. అతను ఎన్నడో మరిచిపోయిన నవ్వు అది.

"మనకు పెండ్లయి ఆర్నెల్లన్నా కాలేదు. అప్పుడే బిడ్డ యాడిదయ్యా? నీ గొంతేంది, ముసలోని మాదిరి ఉండాది? ఆ లైటు నీ మొగం మీద ఎయ్యి, చూస్తా."

గురప్ప లైటు ఆర్పేశాడు.