అక్క వయసు

హిందూపురం నుంచి వచ్చిన ఇన్సూరెన్సు ఏజెంటు ధర్మవరంలో మా అరుగు మీద కాగితాలు పరిచాడు. నాకు జబ్బు చేస్తే వైద్యం ఖర్చు కంపెనీయే భరిస్తుందట. పిలిపించింది నా తమ్ముడు బాలప్ప.

"అమ్మకు ఇప్పుడు జబ్బేమీ లేదు కదప్పా? ఉంటే కంపెనీ ఒప్పదు. వయసు యాభై ఐదు దాటినా ఒప్పదు," అన్నాడు ఏజెంటు.

"జబ్బున్నోళ్లకు లేదు, ముసిలోళ్లకు లేదు. ఇంక మందు ఎవురికప్పా, మీ కంపెనీకా?" అన్నాను.

ఏజెంటు నవ్వలేదు. "ముందు మా డాక్టరు వచ్చి గొట్టం పెట్టి గుండె చూస్తాడు. నీ వయసెంత తల్లీ?"

జపమాల పక్కన పెట్టాను. "ఏండ్లు నాకేం తెలుసు నాయనా? ధాత నామ సంవత్సరం కరువులో పుట్టినానంట."

ధాత కరువంటే పద్దెనిమిది వందల డెబ్బై ఆరు అని ఏజెంటు వేళ్లు మడిచి లెక్క వేశాడు. యాభై తొమ్మిది వచ్చింది. కాగితాలు చుట్టుకుని రైలుకు పోయాడు.

"నాలుగేండ్లు తగ్గించి చెప్తే నీ దేవుడు కండ్లు పీకుతాడా అక్కా? ఒక్క అబద్ధం ఆడలేకపోయినావే!" అని బాలప్ప మండిపడ్డాడు.

నేను జపమాల మళ్లీ చేతికి తీసుకున్నాను. ఆడాల్సిన అబద్ధం అప్పుడే ఆడేశాను. ఆ కరువు పోయిన ఐదేండ్లకు పుట్టినదాన్ని నేను.

కంపెనీ డాక్టరు గొట్టం పెట్టి ఉంటే, ఈ గుండె ఇంకో ఏడాది ఆడదని పోయిన నెల పెనుకొండ డాక్టరు నాకు చెప్పిన మాట బాలప్పకూ తెలిసేది. తెలిస్తే వాడు ఉన్న ఒక్క మగ్గం అమ్మి నన్ను మదరాసు పెద్దాసుపత్రికి తీసుకుపోతాడు. వాడికి ఐదుగురు పిల్లలు.