మగ్గం ముందు బడి

హన్నమ్మ అక్షరాలను తలకిందులుగా చదవడం నేర్చుకుంది.

నడుము దాకా మగ్గం గుంటలో ఆమె. పడుగు పక్కన, ఆమెకు ఎదురుగా, నేల మీద ఇసుక పరుచుకుని ఇద్దరు ఆడపిల్లలు. వాళ్లకు నిటారుగా ఉన్నది ఆమెకు తలకిందులు.

చేతుల్లో పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే, నోరు పాఠం చెప్పేది.

"గీత కిందికి దించు. ఇంకా. ఆఁ, ఇప్పుడు కొమ్ము."

పెద్దది రెబెకకు తొమ్మిదేళ్లు. చిన్నది మార్తకు అయిదు. వాళ్ల నాయన సామ్యేలు ధాత కరువులో తూర్పున కాలవ తవ్వడానికి పోయి తిరిగి రాలేదు. పక్క గుంటలో అతని మగ్గం రెండేళ్లుగా ఖాళీగా ఉంది.

ఊళ్లో బడి లేక కాదు. నిరుడు రెబెకను వెంటబెట్టుకుని పంతులు అరుగు దగ్గరికి పోయింది. పంతులు దూరం నుంచే చూశాడు. మట్టిగడ్డ తీసి విసిరాడు.

అది హన్నమ్మ భుజానికి తగిలింది. అరుగు మీది పిల్లలు నవ్వారు.

ఆ మధ్యాహ్నమే ఏట్లోంచి ఇసుక తెచ్చి పంచలో పోసింది. పెళ్లికి ముందు నెల్లూరులో ఒక దొరసాని ఇంట రెండేళ్లు ఉన్నప్పుడు నేర్చుకున్న చదువు తన దగ్గర ఉంది. అది చాలనుకుంది.

సోమవారం ఓబులయ్య వచ్చాడు. ఆత్మకూరు నుంచి నూలు తెచ్చి ఇచ్చి, నేసిన గుడ్డ పట్టుకుపోయే వర్తకుడు. ఆ వాడలో మగ్గాలన్నీ ఆడేది అతని నూలు మీదే.

చూరు కిందికి రాడు. ఎండలో నిలబడి పిలుస్తాడు.

"ఏమే పోలీ!"

ఆ పేరు ఆమె బాప్తిస్మం నాడే వదిలేసింది. అతను వదల్లేదు.

గుడ్డ తెచ్చి అతని ముందు పెట్టింది. చేతికర్రతో మడతలు విప్పుతూ చూశాడు. ఒకచోట కర్ర ఆగింది.

"ఈడ పోగు తప్పినావు. ఇదిగో, ఈడా తప్పినావు. కండ్లు యాడ పెట్టుకోని నేసినావు?"

"తప్పయిందయ్యా."

అతని చూపు పంచలోకి పోయింది. ఇసుక. పిల్లలు. వేళ్లు ఇంకా అక్షరం మీదే ఉన్నాయి.

"ఓహో. బడి నడస్తా ఉండాదా?"

చూరు కిందికి కర్ర మాత్రం వచ్చింది. ఇసుకంతా కలిపేసింది. మార్త చెయ్యి వెనక్కి లాక్కుంది. రెబెక లాక్కోలేదు. కర్ర ఆ పిల్ల వేళ్లను తోసుకుంటూ పోయింది.

"వచ్చే సోమవారం ఒక్క తప్పు కనబడినా నీకు నూలు లేదు. అప్పుడు నీ పిల్లకాయలు ఏం తింటారో ఇసకలో రాసుకో."

హన్నమ్మ చేతులు జోడించింది. అతను సందు తిరిగేదాకా దించలేదు.

పక్కింటి దేవకమ్మ గుమ్మంలోంచి అంతా విన్నది. ఆమె మగ్గానికి పది రోజులుగా నూలు లేదు.

"నీకు సదువు, మాకు నూలు. మంచిదేలే," అంది నవ్వుతూ.

హన్నమ్మ గుంటలోకి దిగింది. పిల్లలు ఇసుక మళ్లీ సర్దుకున్నారు. పళ్లు బిగించి, ఒక్కో పోగూ చూసుకుంటూ నేసింది.

"అమ్మా, ఇది 'మ'నా, 'య'నా?"

"నువ్వే సూసుకో."

కాసేపటికి మళ్లీ రెబెకే.

"అమ్మా, దీనికి కొమ్ము ఇటా, అటా?"

హన్నమ్మ తల తిప్పింది. ఆ తిప్పడంలో పోగు తెగింది.

చేతిలో ఉన్నది నాడె. దాంతోనే కొట్టింది.

ఇనప మొన రెబెక వేలి కణుపు మీద పడింది. నెత్తురు ఇసుకలోకి కారింది.

"ఎన్నిసార్లు సెప్పాల నీకు! నేను గుడ్డ నెయ్యాల్నా, నీకు కొమ్ములు పెట్టాల్నా? నీ నోరు పడిపోను!"

మార్త ఏడ్చింది. రెబెక ఏడవలేదు. వేలు నోట్లో పెట్టుకుని తల్లిని చూసింది.

హన్నమ్మ తెగిన పోగు ముడి వేసింది. ముడి పడడానికి చాలాసేపు పట్టింది.

మర్నాడు రెబెక ఏమీ అడగలేదు.

ఆ మర్నాడు హన్నమ్మే అడిగింది.

"అచ్చరాలు వచ్చినాయా?"

"వచ్చినాయి."

"అన్నీనా?"

"అన్నీ."

నాడె ఆగకుండా ఆడింది.

గురువారం ఒకసారి మెడ సాచి చూసింది. మార్త ముందు వంకర గీతలు ఉన్నాయి. రెబెక ముందు ఇసుక చదునుగా ఉంది. పిల్ల తలెత్తి మగ్గం వైపు చూస్తోంది.

హన్నమ్మ ఏదో అనబోయింది. ఇంకా నాలుగు మూరలు మిగిలి ఉంది. మళ్లీ నాడె అందుకుంది.

సోమవారం ఓబులయ్య గుడ్డను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. రెండుసార్లు చూశాడు. కర్ర ఎక్కడా ఆగలేదు.

"ఇప్పుడు దారికొచ్చినావు. రెండో మగ్గానికి కూడా నూలిస్తా. ఆ పెద్దదాన్ని కూచోబెట్టు."

"వద్దయ్యా," అంది హన్నమ్మ. ఆ మాట అతనితో అనడం అదే మొదటిసారి. "అది సదువుకుంటాది."

అతను నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. పంచలోకి కర్ర చూపించాడు.

"ఏం పిల్లా, సదువుకుంటావా?"

రెబెక లేచింది. వేలి కణుపు మీద పుండు నల్లగా పక్కు కట్టింది. తల్లి వైపు చూడలేదు.

"నాకు నెయ్యను వచ్చయ్యా."

నాయన గుంట దగ్గరికి పోయి కాళ్లు లోపలికి దించింది. తొక్కుడుచెక్కకు కాళ్లు అందలేదు. అంచుకు జరిగి, కాలివేళ్లతో తొక్కింది. చెక్క కిర్రుమంది.

హన్నమ్మ ఆ పిల్లకు నేత ఎన్నడూ నేర్పలేదు.