బామ్మ చేతికర్ర

చీమకు దారిని, పిట్టకు గూటిని నేర్పిన సర్వేశ్వరునికి నమస్కరిస్తున్నాను. ఈ కథ వినేవారి కంచం ఏనాడూ ఖాళీ కాకుండుగాక!

"పండ్లు ఎవరు తింటున్నారు, పెద్దయ్యా?"

జంతుశాల డాక్టరమ్మ అడిగిన ప్రశ్నకు, వంగిన పెద్దయ్య తల మరింత వంగిపోయింది. ఆయన కాపలా కాసే ముసలి చింపాంజీ నానాటికీ చిక్కిపోతోంది. దాన్ని అందరూ బామ్మ అంటారు.

"జబ్బేమీ లేదు, అన్నీ చూశాను. ఎండ ఆకులోకి, ఆకు పండులోకి, పండు బామ్మ ఒంట్లోకి చేరాలి. మెట్టు మెట్టుకీ శక్తి కొంత పోవడం సహజం. మన దగ్గర మాత్రం చివరి మెట్టు మీదే పండు మాయమవుతోంది!"

"బయటెక్కడో పడిపోతున్నాయేమోనమ్మా," అన్నాడు పక్కనే ఉన్న జంతుశాల వంటవాడు, పెద్దయ్యను ఎలాగోలా గట్టెక్కించాలని.

"పడితే మాత్రం? ఊచల అవతలి పండును కర్రతో ఇవతలికి లాక్కుంటుందని కదూ జనం విరగబడి చూస్తున్నారు! ఎవరో నోటి దగ్గరిది తీసుకుంటే తప్ప దానికి ఆకలేమిటి?"

"నేనే తిన్నానమ్మా," అన్నాడు పెద్దయ్య.

వంటవాడు నోరు వెళ్ళబెట్టాడు. "నువ్వా? మరి నీ క్యారేజీ?"

"కూతురు బాలింత. అది తింటేనే పసిదానికి పాలు. ఇంట్లో ఉన్నది దానికే చాలడం లేదురా."

"నన్నడిగితే నా దాంట్లో ఓ ముద్ద పెట్టనా?"

"నోరు రాలేదు."

"నోరులేని దాని దగ్గర లాక్కోవడానికి చేతులెలా వచ్చాయి?" అంది డాక్టరమ్మ.

జవాబు పెద్దయ్య నాలుక చివరనే ఉంది. కానీ ఆ మాట చెప్పుకోవడం కన్నా దొంగ అనిపించుకోవడమే ఆయనకు తక్కువ సిగ్గుగా తోచింది.

"ఈ పూటతో సరి. తాళాలిచ్చి వెళ్ళు."

తాళాలు బోను ఎదుటి గోడకు వేలాడుతున్నాయి. డాక్టరమ్మ వెంట నడవగా పెద్దయ్య అక్కడికి వెళ్ళాడు. వంటవాడు అప్పుడే మధ్యాహ్నపు గంపను బోనులోకి జరిపాడు. తాళాలు అందుకోబోతుంటే పెద్దయ్యకు కళ్ళు తిరిగాయి. ఆ గోడకే చేరగిలబడి కూలబడ్డాడు. అక్కడి నుంచి ఎంత చేయి చాచినా ఊచలు అందవు.

బామ్మ గంపలోని పండ్లన్నీ తడిమి, బాగా మాగినదాన్ని ఏరుకుంది. మూలనున్న కర్ర తీసింది.

"ఇవాళ వద్దే, తల్లీ," పెద్దయ్య రెండు చేతులూ జోడించాడు.

బామ్మ కర్రతో పండును బయటికి, ఆయన వైపు నెట్టింది.