కొక్కెం వెయ్యని కారు

"కొక్కెం తగిలించి లాగెయ్ నాన్నా, ముందు భాగం ఎలాగూ పోయింది," అన్నాడు కొడుకు, షెడ్డు తలుపు సగమే తెరిచి.

దారిలో ఆగిపోయిన బళ్ళను లాక్కెళ్ళడమే తండ్రి పని. దేనికీ తొందరపడడు కాబట్టి ఊరంతా ఆయన్ని నిదానం బాబాయ్ అంటారు. కారు ముందు వెల్లకిలా పడుకుని, టార్చి వేసి బంపరు కిందికి చూశాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. లేచాక మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు గుద్దానన్న కుక్క బతికిందా?" అన్నాడు.

"ఏమో, నేను ఆగలేదు. పొద్దున్నే రోడ్డు మీద అడ్డమొచ్చింది." కొడుకు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. "సాయంత్రంలోగా కొత్త బంపరు వేసేస్తానన్నాడు మెకానిక్కు. త్వరగా కానీ."

"కొక్కెం వద్దురా. నేలకి ఆనుకున్నట్టుండే కారు. ముందు వైపు ఎత్తితే బంపరు నలుగుతుంది. తాడు కట్టి ఈడిస్తే అడుగంతా గీసుకుపోతుంది. మొత్తంగా లారీ మీదికి ఎక్కిస్తాను."

"పారేసే బంపరుకి అంత సేవేంటి నాన్నా?"

"నా పని నన్ను చెయ్యనివ్వు."

లారీ బల్లను వెనక్కి వంచాడు. ఆ వాలు కూడా ఎక్కువేననిపించి కింద చెక్కలు పరిచాడు. బంపరుకి ఏదీ తగలకుండా ఇరుసుకి పట్టీ వేసి, లారీ మీది ఇనుపతీగను యంత్రంతో కొద్దికొద్దిగా చుట్టించాడు. ప్రతిసారీ ఆపి, వంగి చూసి, మళ్ళీ కదిపాడు.

ఇంట్లోంచి భార్య వచ్చింది.

"పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు వాడు. మొహం చూడండి, ఎలా పీక్కుపోయిందో. మీకు కన్నకొడుకు కన్నా ఆ డొక్కు బంపరే ఎక్కువైందా?"

ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు. చక్రాలన్నిటికీ పట్టీలు బిగించి, కొడుకు దగ్గరికొచ్చి, చిన్నప్పటిలా వాడి తల నిమిరాడు. వాడు బిత్తరపోయాడు.

"ఏదైనా తిను. ఎక్కడికీ వెళ్ళకు. నేనొచ్చేదాకా అమ్మ దగ్గరే ఉండు."

"మెకానిక్కుకి ఫోన్ చెయ్యనా?"

"వద్దు. నేను చూసుకుంటాను."

గతుకు వచ్చినప్పుడల్లా లారీని దాదాపు ఆపేసి దాటించాడు. వెనకనుంచి హారన్లు మోగుతూనే ఉన్నాయి. మెకానిక్కు షెడ్డు దగ్గర కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. ఇక్కడ దించేస్తే చాలు, అంతా మామూలే. వాడికి పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు. స్టీరింగు మీద తల ఆనించి కాసేపు వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత గేరు వేశాడు.

పోలీసు స్టేషన్ ఆవరణలో లారీ ఆగగానే ఎస్సై మెట్లు దిగి వచ్చాడు.

"ఏంటి బాబాయ్, ఇంత పదిలంగా తెచ్చావు! ఎవరి కారు?"

"మా అబ్బాయిది." ఒక చేత్తో లారీ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"బంపరు లోపల చిన్నపిల్ల చెప్పు ఇరుక్కుంది సార్."